గట్టి మంచు మీద రెండు గీతలు

నేను మొదటిసారి వెల్డింగ్ గన్ పట్టుకునేనాటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. రెండు ఇనుప పలకల మధ్య నేను వేసిన అతుకు, చేయి తిరగనివాళ్లు చుట్టిన చేగోడీలా వంకరలు పోయింది. మాస్టారు దాన్ని పట్టకారుతో ఎత్తి చూసి, ఇది అంటుకుంది గానీ అతుక్కోలేదు అన్నారు. ఆయన ఇంగ్లీషులో ఏ మాట వాడారో గుర్తులేదు. నా మనసులో మాత్రం అది ఇలాగే ఉండిపోయింది.

మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున చిన్న ఊరు మాది. మాది అంటున్నాను గానీ అప్పటికి మేం వచ్చి రెండేళ్లే. అంతకుముందు న్యూజెర్సీలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్లం. అక్కడ అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుంటే ఏ ఇంట్లో ఏ పోపు పెడుతున్నారో చెప్పగలిగేదాన్ని. మా ఆయన డాక్టరు. రెసిడెన్సీ పూర్తయ్యాక, వీసా నిబంధన ప్రకారం డాక్టర్లు దొరకని చోట కొన్నేళ్లు పనిచేయాలి కాబట్టి ఇక్కడి ఆసుపత్రికి వచ్చారు. నాది డిపెండెంట్ వీసా. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పెళ్లికి ముందు విశాఖలో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేదాన్ని. ఇక్కడ నేను ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో ఏమేం నేర్పుతారో చూస్తే కుండలు చేయడం, అకౌంటింగ్, వెల్డింగ్ కనిపించాయి. పదేళ్లుగా స్పానర్ ముట్టని చేతులు మూడోదాని మీదికే వెళ్లాయి.

పక్కింటావిడకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరయింది. భర్త పోయి చాలాకాలమైంది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఎవరు మాట్లాడుతున్నా అద్దంలోంచి వెనక సీట్లో పిల్లల్ని చూసినట్టు చూస్తుంది. ఆవిడ అక్క మా ఊరి పక్కన సరస్సు లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతానికి అవతల ఒంటరిగా ఉండేది. రోడ్డు మీద పోతే అఖాతమంతా చుట్టి రావాలి. పాత రైలుమార్గం మీద వేసిన స్నోమొబైల్ దారిలో పోతే అందులో సగం కూడా ఉండదు. అందుకని చలికాలమంతా ప్రతి శనివారం పొద్దున ఆవిడ తన పాత స్లెడ్ ఎక్కి, అక్కకు కావలసిన సరుకులూ మందులూ వెనక పెట్టెలో పెట్టుకుని వెళ్లి, చీకటి పడేలోగా తిరిగి వచ్చేది. స్నోమొబైల్‌ను ఇక్కడ అందరూ స్లెడ్ అనే అంటారు.

ఆ ఏడు మంచు సరిగ్గా పడలేదు. పడినది పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, దారంతా సిమెంటు చప్టాలా తయారైంది. ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం ఆవిడ వాకిట్లో స్లెడ్ ఆపగానే దాని కింద నుంచి ఆవిరి వచ్చింది. నేను చెత్తడబ్బా బయట పెడుతున్నదాన్ని ఆగి చూశాను. దారిలో ఇంజన్ వేడి దీపం నాలుగుసార్లు వెలిగిందట. వెలిగినప్పుడల్లా ఆగి, చెట్ల నీడన మిగిలిన మంచును చేతులతో ఎత్తి దాని మీద పోసిందట.

నాకు ఆశ్చర్యం వేసింది. మంచు మీద తిరిగే బండి వేడెక్కడం ఏమిటి? ఆవిడ స్లెడ్‌ను పక్కకు వంచి, లోపల చూపించింది. కారుకైతే ముందు రేడియేటర్ ఉంటుంది, గాలి తగిలి చల్లబడుతుంది. దీనికి గాలి చాలదు, మంచే కావాలి. కింద తిరిగే రబ్బరు ట్రాక్ పొడి మంచును పైకి ఎగజిమ్ముతుంది. అది సీటు కిందున్న లోహపు పలకలకు కొట్టుకుని కరుగుతుంది. ఆ చలువ మీదే ఇంజన్ బతుకుతుంది. ట్రాక్ రాసుకుంటూ పోయే ప్లాస్టిక్ పట్టీలకు కూడా ఆ తడే నూనె. దారి రాయిలా గట్టిపడితే ఎగరడానికి పొడి ఉండదు. చుట్టూ మంచే ఉంటుంది, బండి మాత్రం ఉడికిపోతుంది.

గరాజ్ గోడకు తగిలించి ఉన్న ఒక పుల్లను తీసి చూపించింది. పొలంలో ఎండుగడ్డిని పోగుచేసే యంత్రానికుండే స్ప్రింగు పన్ను అది. ఒక చివర చుట్టలా తిరిగి, అక్కడి నుంచి బారుగా సాగి, కొసన వంగి ఉంది. వాళ్లాయన వీటిని జతగా చేసి, ట్రాక్ లోపలి ఇనుప పట్టాలకు చెరొకటి బిగించేవాడట. కొసలు నేల మీద ఈడ్చుకుపోతూ గట్టి మంచును గీకుతాయి. ఆ పొడి ట్రాక్‌లోకి ఎగిరి పలకల మీదికి చేరుతుంది. వెనక్కి నడపాల్సి వస్తే మాత్రం దిగి వాటిని ఎత్తి కొక్కేనికి తగిలించాలి, లేకపోతే నేలలో గుచ్చుకుని వంగిపోతాయి. స్క్రాచర్లు అంటారు. కొట్లో దొరుకుతాయి గానీ తన బండి మరీ పాతది, దానికి సరిపోయే బిగింపులు రావడం లేదంది. ఆ జతలో రెండోది ఎక్కడో పోయింది. పాత పళ్లు ఒక డబ్బా నిండా ఉన్నాయి.

"నువ్వేదో క్లాసుకు వెళ్తున్నావుగా," అంది. "చేయగలవా?"

నన్ను ఎవరైనా ఏదైనా చేయగలవా అని అడిగి ఎన్నేళ్లయిందో. చేస్తానన్నాను.

నాలుగు రోజులు పట్టింది. ముందు కాగితం మీద కొలతలతో బొమ్మ గీశాను. ఒక పలకకు రంధ్రాలు వేసి, దానికి పన్ను చుట్టను క్లాంపుతో బిగించి, పలకను పట్టాకు బోల్టులతో తగిలించాను. మా ఆయనకు ఫొటో పంపితే, "గోకుడు పుల్లలు బాగున్నయ్" అని జవాబిచ్చారు. ఆ శనివారం ఆవిడ వెళ్లి వచ్చింది, దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. అక్క ఇచ్చిందంటూ ఒక సీసా థింబుల్‌బెర్రీ జామ్ నా చేతిలో పెట్టింది. కొండ అంచుల్లో కాసే పుల్లటి పండ్లవి. మేం దోసెల్లో నంచుకుని మూడు రోజుల్లో ఖాళీ చేశాం.

ఆవిడ బండి చూసి ఇంకో ఇద్దరు అడిగారు. ఒకాయన కలప నరికే పని చేసి మానేసినవాడు, రెండో ఆవిడ పోస్టాఫీసులో పనిచేసేది. నాకు డబ్బు తీసుకునే వీలు లేదు కాబట్టి ఊరికే చేసిస్తానన్నాను. అప్పటికి ఒక లోపం కనిపించింది. దారి కుదుపులకు క్లాంపు వదులవుతోంది, ప్రతివారం బిగించాల్సి వస్తోంది. పన్నును పలకకు నేరుగా వెల్డింగ్ చేస్తే ఆ బాధ ఉండదని అనుకుని మాస్టారిని అడిగాను.

ఆయన వెంటనే సరే అనలేదు. అది స్ప్రింగు ఉక్కు, మామూలు ఇనుము కాదు అన్నారు. ముందు బాగా వేడిచేసి, అప్పుడు అతికి, తర్వాత బూడిదలో పూడ్చి తనంతట తాను మెల్లగా చల్లారనివ్వాలి. గబుక్కున చల్లారిస్తే అతుకు పక్కన ఉక్కు గాజులా పెళుసవుతుంది. పైకి ఏమీ తెలియదు, కానీ ఒక రోజు పుటుక్కుమంటుంది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ ఇద్దరికీ చేసిన రెండు జతలూ ఆయన చెప్పినట్టే చేశాను. పక్కింటావిడ కట్టెల పొయ్యిలోంచి ఒక బకెట్ బూడిద తెచ్చుకుని, అందులో రాత్రంతా పూడ్చి ఉంచాను. పొద్దున తీస్తే ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.

మార్చి మొదట్లో ఒక శనివారం తొమ్మిదింటికి పక్కింటావిడ మా గరాజ్ తలుపు తట్టింది. స్లెడ్ బయటికి తీసి చూస్తే రెండు క్లాంపులూ వదులై ఉన్నాయి, ఒక బోల్టు ఎక్కడో పడిపోయింది. అక్కకు బీపీ మాత్రలు అయిపోయాయి, వెళ్లక తప్పదు. వాళ్లకు చేసినట్టు నాకూ అతికిచ్చెయ్యి అంది. హెల్మెట్ చంకలో పెట్టుకుని అక్కడే నిలబడింది.

ఆ అరగంట నాకు అంగుళం అంగుళం గుర్తుంది. వేడి చేయడం సగమే చేశాను. అతుకు బాగా వచ్చింది. అప్పటికి నా చేయి నిజంగానే తిరిగింది, ఆ వరుస చూసి నేనే ముచ్చటపడ్డాను. బూడిద బకెట్ మూలనే ఉంది. అందులో పెడితే ఆవిడ ఆ రోజు వెళ్లలేదు. పాత క్లాంపుకు ఇంకో బోల్టు వెతికి బిగిస్తే సరిపోయేదని నాకు తర్వాత తట్టింది, అప్పుడు తట్టలేదు. ఎర్రదనం పోయాక పట్టకారుతో రెండింటినీ తీసుకెళ్లి, గరాజ్ బయటున్న మంచు దిబ్బలో గుచ్చాను. సుయ్యిమంది. ఆవిడ నవ్వి, మంచి చప్పుడు అంది. మాస్టారి మాట నాకు గుర్తులేక కాదు. గుర్తుంది. ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. పది గంటలకు ఆవిడ బయల్దేరింది.

ఒంటిగంట దాటాక మా ఇంటి ఫోన్ మోగింది. ఆవిడ అక్క. అవసరానికి ఉంటుందని మా నంబరు ఇచ్చి ఉంచిందట. ఇంకా రాలేదు, బయల్దేరిందా అని అడిగింది. పొద్దున పదింటికే బయల్దేరిందని చెప్పాను. ఆ దారిలో చాలా దూరం సెల్ సిగ్నల్ ఉండదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. మా వీధి చివర ఉండే ఒకాయన స్నోమొబైల్ క్లబ్బు తరఫున దారిని చదును చేసే యంత్రం నడుపుతాడు. ఆయన దగ్గరికి పరుగెత్తాను. విషయం వినగానే తన స్లెడ్ తీశాడు. నేనూ వస్తానన్నాను. ఎందుకని అడగలేదు, ఇంకో హెల్మెట్ ఇచ్చాడు.

దారి నున్నగా మెరుస్తోంది. ఆ రోజు దాని మీద పెద్దగా ఎవరూ తిరగలేదు. ఆవిడ స్లెడ్ ముందుండే స్కీలు గీసిన లోతు గాట్లకు మధ్యలో నా స్క్రాచర్ల గీతలు రెండు, సన్నగా, తెల్లగా, పక్కపక్కన పోతున్నాయి. ఆయన భుజం మీదుగా నేను వాటినే చూస్తున్నాను. ఊరు దాటి, చెక్క వంతెన దాటేదాకా రెండూ ఉన్నాయి. ఒక మలుపు తర్వాత ఒకటే ఉంది. నా కళ్లే పొరబడ్డాయేమో అనుకున్నాను. మళ్లీ చూశాను, ఒకటే. కొన్ని మైళ్లు పోయాక అదీ లేదు. ఒట్టి స్కీల గాట్లు మిగిలాయి. ఆవిణ్ణి చూడకముందే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది.

సరస్సు వైపు ఎండ తగిలే కట్ట మీద స్లెడ్ ఆగి ఉంది. ఆవిడ దాని పక్కన కూర్చుని, కుడి చేతిని కోటు జిప్పులో ఇరికించుకుని ఉంది. ముఖం పాలిపోయింది గానీ గొంతు మామూలుగానే ఉంది. ఏం జరిగిందో వరసగా చెప్పింది. దీపం వెలిగింది, ఆగింది. కట్ట మీద పొడి మంచు లేదు. కింద నీడలో ఉంటే, హెల్మెట్‌లో నింపుకు వద్దామని దిగింది. జారి చేతి మీద పడింది. పాకుతూ పైకి వచ్చింది. ఇంజన్ చల్లారాక బయల్దేరుదామంటే, యాక్సిలరేటర్ నొక్కాల్సింది కుడి బొటనవేలితోనే. రెండు గంటలకు పైగా అక్కడే కూర్చుంది.

"మా అక్కకు చెప్పారా?" అని మొదట అడిగింది. తర్వాత, "మాత్రలు పెట్టెలో ఉన్నాయి," అంది.

ఆయన ఆవిణ్ణి తన వెనక కూర్చోబెట్టుకుని, రోడ్డు తగిలే చోటికి తీసుకెళ్లాడు. ముగ్గురికి చోటు లేదు. తిరిగి వచ్చేదాకా నేను ఆ కట్ట మీద ఒక్కదాన్నే ఉన్నాను. సరస్సు మీద మంచు అంచులు ఒకదానికొకటి ఒరుసుకుంటూ మూలుగుతున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని స్లెడ్ కింద చూశాను. రెండు పలకలూ బిగించినచోటే ఉన్నాయి. నా అతుకులూ చెక్కుచెదరలేదు. సరిగ్గా వాటి పక్కనే పళ్లు విరిగాయి. విరిగినచోట వంపు లేదు, సాగలేదు. పటికబెల్లం పలుకు విరిగినట్టు గరుకుగా మెరుస్తోంది. సీటు కింది పనిముట్లలోంచి స్పానర్ తీసి, ఒక పలక విప్పి, నా కోటు జేబులో వేసుకున్నాను. అప్పుడు నేనేం చేస్తున్నానో నాకు బాగా తెలుసు. దాస్తున్నాను.

ఆవిడ మణికట్టు ఎముక రెండు చోట్ల విరిగింది. కట్టు వేసి సాయంత్రానికి ఇంటికి పంపారు. మాత్రలు మా వీధి చివరి ఆయనే అక్క ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. ఊళ్లో అందరూ ఒకటే అన్నారు, ఈ ఏడు దారులు బాగా లేవని. నేను ఆవిడకు పప్పూ, మెత్తగా వండిన అన్నమూ పెట్టి ఎడమ చేత్తో తినడానికి చెంచా ఇచ్చి వచ్చాను. ఆ ముక్క నా జేబులోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనకు చూపించాను. ఆయనది కరీంనగర్. వైద్యం తప్ప యంత్రాల గురించి ఏమీ తెలియదు. మంచులో గుచ్చిన సంగతి చెప్పాక ఆ ముక్కను చాలాసేపు తిప్పి చూశారు.

"ఆమెకు చెప్పినవా?"

"ఏమని చెప్పను? ఆవిడ జారి పడింది. ఇది విరిగితే పడలేదుగా."

"ఇది ఇరగకుంటే దిగకపోవు గద."

నేను ఆ ముక్కను నా వైపు లాక్కుని అన్నాను, "ఆవిడ నన్నేమీ అడగలేదండీ."

"అడగరు. మా దగ్గర తప్పు మందు పోయిందనుకో, పేషెంట్ ఎప్పుడన్న అడుగుతడా? ఆయనకు ఏం అడగాల్నో తెల్వది. తెలిసినోళ్లే చెప్పాలె," అన్నారు. తర్వాత కంచం తీసుకెళ్లి సింక్‌లో పెట్టి, పైకి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

నాలో నేను రెండు గంటలు వాదించుకున్నాను. ఊరికే చేసిచ్చాను కదా అన్నది నా పెద్ద వాదన. డబ్బు తీసుకోనిదానికి పూచీ ఏమిటి? అలా అనుకుంటూ ఉండగానే అది ఎంత నీచంగా ఉందో తెలుస్తూనే ఉంది. ఫ్యాక్టరీలో నేను గీసిన డ్రాయింగు కింద సంతకం చేసేదాన్ని. ఇక్కడ సంతకం లేదు కాబట్టి పని నాది కాకుండా పోతుందా? అసలు నాకు అంతగా భయం వేసింది ఆవిడ కోపానికి కాదు. చేయగలవా అని నన్ను ఇంకెవరూ అడగరేమోనని. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఎక్కువసేపు పట్టింది.

వెళ్లాను. ఆవిడ కుర్చీలో, చేతి కింద దిండు పెట్టుకుని ఉంది. విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. మాస్టారు హెచ్చరించింది, నేను రాసుకున్నది, మూలన బూడిద ఉన్నది, అయినా మంచులో గుచ్చింది. ఏదీ వదల్లేదు. ఆవిడ ముక్కను ఎడమ చేత్తో తీసుకుని కిటికీ వెలుగులో చూసింది. నేను ఊహించిన మాటలేవీ అనలేదు. నీ తప్పు కాదులే అనలేదు. తప్పేనని కూడా అనలేదు.

"ఇంకా ఎంతమంది దగ్గర ఉన్నాయి?" అంది.

ఇద్దరి దగ్గర, వాటిని బూడిదలో చల్లార్చాను, అవి బాగానే ఉండాలి అన్నాను.

"ఉండాలి అంటున్నావు," అంది. "కోటు వేసుకో."

ఆవిడ పికప్ నేను నడిపాను. అంత పెద్ద బండి నేనెప్పుడూ నడపలేదు. పక్కన కూర్చుని ఆవిడ ఎక్కడ మలుపు తిప్పాలో చెబుతూ వచ్చింది. పోస్టాఫీసు ఆవిడ విని, బెదిరి, వెంటనే విప్పి ఇచ్చేసింది. కలప పని చేసినాయన మాత్రం ఇవ్వనన్నాడు. నావి బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, పనిచేసేదాన్ని ఎవడు విప్పుతాడు అని గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాను. పక్కింటావిడ నన్ను పక్కకు జరిపి, కట్టు కట్టిన చేతిని ఆయన ముఖం ముందుకు ఎత్తింది. ఆయన గొణుక్కుంటూ గరాజ్‌లోకి వెళ్లి స్పానర్ తెచ్చుకున్నాడు.

ఆ నాలుగింటినీ సోమవారం కాలేజీకి తీసుకెళ్లాను. మాస్టారు ఒక్కోదాన్ని బల్లకున్న ఇనుప దవడల వైస్‌లో బిగించి, పొడుగాటి గొట్టం తొడిగి వంచారు. నాలుగూ వంగి, తిరిగి లేచాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత విరిగిన ముక్కను అడిగారు. ఆయన బల్లకు ఒక సొరుగు ఉంది, అందులో విరిగిన ఇనుప ముక్కలే ఉంటాయి. ప్రతిదానికీ దారంతో ఒక చీటీ కట్టి ఉంటుంది. ఎందుకు విరిగిందో దాని మీద రాసి ఉంటుంది. రెండు మూడు చీటీల మీద ఆయన చేతిరాతే ఉంది. నాకు ఖాళీ చీటీ ఇచ్చి రాయమన్నారు. వేడిగా ఉండగా మంచులో పెట్టాను అని రాశాను. చాలదన్నట్టు ఆయన అలాగే నిలబడ్డారు. కింద, తెలిసే చేశాను అని కలిపాను. చీటీ చదివి, ముక్కకు కట్టి, సొరుగు మూశారు. ఆ రోజు క్లాసు మామూలుగానే నడిచింది.

పక్కింటావిడ మూడు వారాలు మా ఇంటికి రాలేదు. నేను వంట తీసుకెళ్తే తలుపు తీసి, గిన్నె అందుకుని, థాంక్స్ చెప్పి మూసేది. అది న్యాయమే అనుకున్నాను. ఆ వారాల్లో అక్కకు సరుకులు నేనే పికప్‌లో, అఖాతం చుట్టూ రోడ్డు మీద తీసుకెళ్లాను. తలుపు దగ్గర పెట్టి, గంట కొట్టి, అక్క వచ్చి తలుపు తీసేలోగా వెనక్కి తిరిగేదాన్ని. ఆవిడ ముఖం చూసే ధైర్యం లేదు.

ఏప్రిల్‌లో కట్టు విప్పారు. అప్పటికి దారిలో మంచు పోయి బురద తేలింది. ఒక మధ్యాహ్నం ఆవిడ బూడిద బకెట్ పట్టుకుని మా గరాజ్ ముందు నిలబడింది. రెండో చేతిలో పాత పళ్లున్న డబ్బా. కుడి మణికట్టు ఇంకా వాచి ఉంది.

"వచ్చే చలికాలానికి నాకు ఒక జత కావాలి," అంది. "ఈసారి నేను నెత్తి మీద నిలబడను. నువ్వూ తొందరపడకు."

ఈసారి అయితే క్లాంపులే వేస్తాను, బోల్టులకు వదలని నట్లు పెడతాను అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. అతికిందే కావాలి, సరిగ్గా అతికింది అంది. చేశాను. నాలుగు రోజులు బూడిదలోనే ఉంచాను, అంత అవసరం లేకపోయినా. తీశాక ఆవిడ ముందే వైస్‌లో బిగించి వంచి చూపించాను. ఆవిడ తనూ ఎడమ చేత్తో ఒకసారి వంచి చూసుకుంది.

తరువాతి చలికాలం నవంబరులోనే మంచు మొదలై ఆగలేదు. కిటికీల సగం దాకా పేరుకుంది. దారులన్నీ పిండి ఆరబోసినట్టు మెత్తగా ఉన్నాయి. ఎవరికీ స్క్రాచర్లతో పనే పడలేదు. ఆవిడ స్లెడ్ కింద నేను చేసినవి కొక్కేనికి తగిలించినవి తగిలించినట్టే ఉన్నాయి. నాకు నిశ్చింతగానూ ఉంది, ఏ మూలనో కాస్త నిరాశగానూ ఉంది.

జనవరిలో ఒక శనివారం ఆవిడ నన్ను వెనక ఎక్కించుకుంది. మా అక్క నిన్ను చూడాలంటోంది అని మాత్రం చెప్పింది. అక్క ఇంకా పొట్టిది, ఇంకా గట్టిది. వంటగది బల్ల దగ్గర కూర్చుని, నేను హెల్మెట్ తీసేదాకా ఆగి, పై నుంచి కింది దాకా చూసింది.

"మా చెల్లి చేయి విరగ్గొట్టింది నువ్వేనా?"

పక్కింటావిడ సరుకులు సర్దుతూ ఇటు తిరగలేదు. నాకు సాయం చేసే ఉద్దేశం ఆవిడకు లేదని తెలుస్తూనే ఉంది.

నేనే అన్నాను.

అక్క తల ఊపి లేచింది. ఇంకో కప్పు తీసి కాఫీ పోసి నా ముందు పెట్టింది. పాలు లేని కాఫీ, చేదుగా ఉంది. కూర్చోమంది. తన ఇంటి వెనక గేటు కీలు ఊడిపోయిందనీ, తాగాక చూస్తావా అనీ అడిగింది.